చప్పట్లు కొట్టకండి, ఆగండి: లావుగా ఉన్న ఫ్రెండ్‌ని ట్రెక్కింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు

ఈ రోజు ఎపిసోడ్‌కి కారణం ఒక మెసేజ్. ఇంటర్ చదివే అమ్మాయి పంపింది. "అన్నా, మేం పదిమందిమి ట్రెక్‌కి వెళ్తున్నాం. మాలో ఒక ఫ్రెండ్ లావుగా ఉంటుంది. రమ్మంటే అక్కడ ఇబ్బంది పడుతుందేమో, పిలవకపోతే ఇంకా బాధపడుతుందేమో. ఏం చేయమంటావు?" అని.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, పిలవండి. కానీ పిలిస్తే సరిపోదు. ఎందుకంటే నేనూ పిలిచాను. పిలిచి మరీ ఒక పిల్లాడిని ఏడిపించాను. అదీ మంచి ఉద్దేశంతోనే. ముందు ఆ సంగతి చెప్తా, తర్వాత మేం ఏమేం మార్చుకున్నామో చెప్తా.

కొత్తగా చూస్తున్న వాళ్ల కోసం: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. నెలకి రెండు ఆదివారాలు మా కాలనీ, చుట్టుపక్కల కాలనీల పిల్లల్ని, 14 నుంచి 19 ఏళ్ల వాళ్లని, కొండలకీ అడవులకీ తీసుకెళ్తాం. నాతో పాటు ఇంకో ముగ్గురు పెద్దవాళ్లు ఉంటారు. ఫీజు ఏమీ ఉండదు, బస్ చార్జీ, టిఫిన్ ఖర్చు ఎవరిది వాళ్లదే.

రెండేళ్ల కిందట ఒక పదిహేనేళ్ల అబ్బాయి చేరాడు. పేరు చెప్పను. ఈ ఎపిసోడ్ చేస్తానని వాడికి చెప్పాను, "పేరు లేకుండా అయితే చెప్పుకో అన్నా" అన్నాడు. కాబట్టి 'మావాడు' అంటాను. మావాడు లావుగా ఉంటాడు. కొంచెం బొద్దుగా అని కాదు, బాగా లావు. క్లాస్‌లో వాడికి ఉన్న పేర్లు మీకు తెలిసినవే. బండోడు, బొండాం, లడ్డూ, భీముడు. మన సినిమాల్లో లావుగా ఉన్న మనిషి తెర మీదకి రాగానే వెనకాల ఒక రకం మ్యూజిక్ వస్తుంది చూడండి, వాడు నడుస్తుంటే ఫ్రెండ్స్ నోటితో ఆ మ్యూజిక్ కొట్టేవాళ్లట.

వాడి మొదటి ట్రిప్ భువనగిరి కోట. తెలుసు కదా, వరంగల్ రూట్‌లో, హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్ల దాకా. ఒకే రాయి కొండ, 500 అడుగులకి పైగా ఎత్తు. చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలంలో మొదలైన కోట. 2014లో 13 ఏళ్ల 11 నెలలకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ రాళ్లెక్కడం నేర్చుకుంది ఇక్కడే. మా పిల్లలకి అందుకే ఆ కొండంటే పిచ్చి.

బస్సు దగ్గరే మొదటి తప్పు జరిగింది. ఆ నెలే గ్రూప్ టీషర్టులు కుట్టించాం, స్మాల్ నుంచి ఎక్స్ఎల్ వరకు. అందరూ వేసేసుకుని సెల్ఫీలు దిగుతున్నారు. మావాడు తనది మడతపెట్టి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "వేసుకోరా" అన్నాను. "తర్వాత వేసుకుంటా అన్నా" అన్నాడు. రోజంతా అది వాడి భుజం మీదే ఉంది. వాడికి పట్టదనే విషయం నాకు తట్టనే లేదు, నిజంగా. గ్రూప్ ఫొటోలో ఇరవై రెండు పసుపు టీషర్టులు, ఒక నల్ల చొక్కా.

ఎక్కడం మొదలుపెట్టాం. మార్చి నెల, ఎనిమిది దాటింది. పావుగంటకే మావాడు వెనకబడ్డాడు. ముందున్న వాళ్లు ఎక్కడో ఒక చోట ఆగి, నీళ్లు తాగి, జోకులేసుకుని, ఫొటోలు దిగి, మావాడు కనిపించగానే "వచ్చాడురా, పదండి" అని లేచేవాళ్లు. వాడు రొప్పుకుంటూ వచ్చేసరికి అందరూ నిలబడి ఉంటారు. వాడు కూర్చోలేడు. మళ్లీ నడక. ఇలా నాలుగుసార్లు.

మూడోసారి "అన్నా, నాకు లేట్ అయితది, మీరు పొండి, నేను మెల్లగ వస్తా" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "అదేం లేదురా, నువ్వు చేయగలవ్, కమాన్!" అన్నాను.

పైకి చేరేసరికి వాడి ముఖం కందిపోయింది. అప్పుడు నేను అందరికీ సైగ చేశాను. ఇరవై మంది ఒక్కసారి చప్పట్లు, ఈలలు. ఒకడు వీడియో తీశాడు. సాయంత్రానికి అది స్లో మోషన్‌లో, మంచి పాటతో, పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమే అన్న క్యాప్షన్‌తో రీల్ అయిపోయింది. నేనే షేర్ చేశాను. చాలా లైకులు వచ్చాయి కూడా.

మర్నాడు పొద్దున మావాడు గ్రూప్ నుంచి లెఫ్ట్.

వారం ఆగి వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మగారు కాఫీ ఇచ్చి, "బాబూ, మధ్యలో మానేయనియ్యకు. నీతో వస్తేనన్నా కొంచెం తగ్గుతాడనుకున్నా. ఇంట్లో చెప్తే వినడు" అన్నారు. మావాడు పక్క గదిలోనే ఉన్నాడు, అన్నీ వినిపిస్తున్నాయి. "ఆంటీ, మేడ మీద మాట్లాడుకుంటాం" అని వాణ్ణి తీసుకుని పైకి వెళ్లాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "చప్పట్లు కొట్టినప్పుడు ఎక్కువ సిగ్గయింది అన్నా. నడుస్తుంటే కాదు. నడుస్తుంటే మంచిగనే ఉండె." కొంచెం ఆగి, "వాళ్లు ఎక్కినప్పుడు ఎవరూ కొట్టలే కదా" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అందరూ ఎక్కిన కొండనే వాడూ ఎక్కాడు. వాడికి మాత్రమే చప్పట్లంటే అర్థం ఏంటి? "నువ్వు ఎక్కలేవనుకున్నాం" అనే కదా. సారీ చెప్పి, వాడి ముందే ఫోన్ తీసి ఆ రీల్ డిలీట్ చేశాను. మళ్లీ రమ్మని మాత్రం అడగలేదు. అడిగే మొహం లేదు.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇంటికొచ్చి ఆ రోజు టైమింగ్స్ కాగితం మీద రాసుకున్నా. నాలుగుసార్లు ఆగాం. ముందున్న వాళ్లకి ప్రతిసారీ ఎనిమిది, పది నిమిషాల విశ్రాంతి, అంటే మొత్తం మీద అరగంట పైనే. మావాడికి? సున్నా. అందరికంటే ఎక్కువ కష్టపడ్డవాడికి అందరికంటే తక్కువ రెస్ట్. ఇది మా ఒక్క గ్రూప్‌లో జరిగేది కాదు. మీరు ఈసారి ఏ ట్రెక్‌కైనా వెళ్లినప్పుడు గమనించండి, కాలినడకన తిరుమల ఎక్కే ఫ్యామిలీల్లో కూడా ఇదే. పిల్లలు ముందు పరిగెడతారు, అమ్మమ్మ వచ్చేదాకా మెట్ల మీద కూర్చుంటారు, అమ్మమ్మ రాగానే లేస్తారు. అమ్మమ్మకి కూర్చునే ఛాన్సే ఉండదు.

మీలో ఎంబీఏ చేసినవాళ్లు, ఫ్యాక్టరీల్లో పని చేసేవాళ్లు 'ది గోల్' అనే నవల పేరు వినే ఉంటారు. ఎలియాహు గోల్డ్‌రాట్, జెఫ్ కాక్స్ రాసింది, 1984లో వచ్చింది. ఫ్యాక్టరీ మేనేజ్‌మెంట్ గురించిన పుస్తకం. అందులో హీరో తన కొడుకు స్కౌట్ గ్రూప్‌ని నడకకి తీసుకెళ్తాడు. హెర్బీ అని ఒక లావు పిల్లాడు వెనకబడుతుంటాడు, లైన్ అంతా సాగిపోతుంటుంది. హీరో ఏం చేస్తాడంటే, హెర్బీని తెచ్చి లైన్‌కి ముందు పెడతాడు. ఇక ఎవరూ హెర్బీ కంటే ముందు పోలేరు కాబట్టి గ్రూప్ విడిపోదు. ఆపైన హెర్బీ బ్యాగ్ తెరిచి చూస్తే అందులో కూల్‌డ్రింక్ క్యాన్లు, ఇనప పెనం, ఇంకా బోలెడు సామాను. అది అందరికీ పంచుతారు. హెర్బీ స్పీడ్ పెరుగుతుంది, దాంతో గ్రూప్ స్పీడూ పెరుగుతుంది. మా ఆఫీస్ ట్రైనింగ్‌లో ఈ కథ చెప్పినప్పుడు ప్రాసెస్ గురించి నోట్స్ రాసుకున్నా గానీ, ఆదివారం కొండ దగ్గర గుర్తు రాలేదు.

పుస్తకంలో లెక్క కరెక్టే. నాకొక్కటే అభ్యంతరం. ముందు నిలబెడితే ఇరవై జతల కళ్లు వాడి వీపు మీదే ఉంటాయి. టీనేజ్‌లో అది చప్పట్లంత పనే చేస్తుంది. అందుకని మేం కొంచెం మార్చాం. ముందు నేనో, ఇంకో పెద్దవాళ్లో ఉంటాం. నెమ్మదిగా నడిచేవాళ్లు మూడో స్థానంలోనో నాలుగో స్థానంలోనో, కబుర్లు చెప్పే ఫ్రెండ్స్ మధ్యలో ఉంటారు. ముందున్న లీడర్ వాళ్ల స్పీడ్‌కి తగ్గట్టు నడుస్తాడు. ఆ స్పీడ్ ఎంతంటే, నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తుంటే మనం ఫాస్ట్‌గా పోతున్నట్టు. ఇది టాక్ టెస్ట్, దీనికి వాచీ గీచీ ఏం అక్కర్లేదు. చివర్లో ఇంకో పెద్ద మనిషి ఉంటారు, ఫస్ట్ ఎయిడ్ కిట్‌తో.

ఇక రెస్ట్ రూల్. ఆగిన చోట టైం ఎప్పటి నుంచి లెక్కపెడతామంటే, చివరి మనిషి వచ్చి, కూర్చుని, మొదటి గుక్క నీళ్లు తాగినప్పటి నుంచి. అక్కడి నుంచి ఏడు నిమిషాలు. ఈ ఒక్క రూల్‌తో మా ట్రిప్పులు మారిపోయాయి. ఇంకే సలహా గుర్తులేకపోయినా ఫర్వాలేదు, ఇది గుర్తుపెట్టుకోండి.

"బద్ధకం వల్లే కదా వెనకబడతారు" అని మా గ్రూప్‌లోనే ఒకడు అన్నాడు. వాడికి నేను చూపించిన లెక్క మీకూ చెప్తా. మావాడి బరువెంతో నాకు తెలీదు, అడగలేదు. ఊరికే ఉదాహరణకి, 60 కిలోల అబ్బాయి, 95 కిలోల అబ్బాయి ఒకే కొండ ఎక్కుతున్నారనుకోండి. తేడా 35 కిలోలు. అంటే 25 కిలోల బియ్యం బస్తా, దాని మీద ఇంకో పది కిలోల సంచి. ఆ సన్నపిల్లాడి వీపుకి అవి కట్టి కొండ ఎక్కమనండి, ఎంతదూరం పోతాడో చూద్దాం. (నవ్వు) ఫిజిక్స్ ప్రకారం అదే ఎత్తుకి లావుపిల్లాడు చేసే పని ఒకటిన్నర రెట్లకి పైనే. అంటే వెనకబడ్డవాడే ఆ రోజు కొండ మీద ఎక్కువ పని చేసినవాడు. సాధారణంగా ఇలాంటి పిల్లల కాళ్లలో బలం కూడా ఎక్కువే ఉంటుంది, రోజూ మోస్తున్నారు కదా.

ఈ లెక్కలో ప్రమాదం కూడా ఒకటి దాగి ఉంది. వేడి. కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో సుమారు పావు వంతో, అంతకంటే తక్కువో పనికి వెళ్తుంది, మిగతాది వేడిగా మారుతుంది. ఎక్కువ పని అంటే ఎక్కువ వేడి. ఆ వేడి చర్మం ద్వారానే బయటికి పోవాలి. లావుగా ఉన్నవాళ్లలో బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం తక్కువ. వేడి పుట్టడం ఎక్కువ, పోవడం తక్కువ. మన ఎండల్లో ఇది మామూలు విషయం కాదు. భువనగిరి లాంటి రాతికొండ తొమ్మిది దాటితే పెనంలా కాలుతుంది. మార్చిలో ఎనిమిదింటికి ఎక్కడం మొదలుపెట్టిన నేను ఆ రోజు వాడితో ఎంత ప్రమాదకరమైన పని చేయించానో తర్వాత తెలిసి వణుకొచ్చింది.

ఇప్పుడు మేం ఎండాకాలం కొండలు ఎక్కం. మిగతా నెలల్లో ఆరింటికే నడక మొదలు, ఎండ ముదరకముందే కిందకి. ఏసీ గదుల్లోంచి, సెలవుల్లోంచి నేరుగా ఎండలోకి వచ్చిన శరీరం వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, కాబట్టి ట్రిప్‌కి ముందు రెండు వారాలు సాయంత్రం ఎండలో కాస్త నడవమని అందరికీ చెప్తాం. తలనొప్పి, వికారం, తల తిరగడం ఉంటే అక్కడితో ఆ మనిషికి ఎక్కడం బంద్. నీడలో కూర్చోబెట్టి నీళ్లు, ఓఆర్ఎస్. కానీ మాట తడబడినా, ఎక్కడున్నానో తెలియనట్టు ప్రవర్తించినా అది వడదెబ్బ, ప్రాణాల మీదకి వచ్చే విషయం. 108కి కాల్ చేయాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసురుతూనే ఉండాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇంకో విషయం. ఇది చాలామంది పెద్దవాళ్లకి కూడా తెలియదు. లావుగా ఉన్న టీనేజర్ మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే "బరువు వల్లే, నడిస్తే పోతుంది" అని కొట్టిపారేయకండి. ఎదిగే వయసులో, ముఖ్యంగా బరువు ఎక్కువున్న పిల్లల్లో, తొడ ఎముక పైన తుంటిలో ఉండే గుండ్రటి భాగం పక్కకి జారే సమస్య ఒకటి ఉంది. జారేది తుంటి దగ్గర, నొప్పి మాత్రం చాలాసార్లు మోకాలిలోనో తొడలోనో తెలుస్తుంది. నడిచే కొద్దీ ఇంకా జారుతుంది. కాబట్టి కుంటుతూ వచ్చిన పిల్లల్ని నడిపించకూడదు, అదే రోజు ఎముకల డాక్టర్‌కి చూపించి తుంటికి ఎక్స్‌రే తీయించాలి. నాకు ఇది ఒక డాక్టర్ చెప్పేదాకా తెలియదు. అందుకే మా ఫారంలో ఇప్పుడు ప్రశ్నలు అందరికీ ఒకటే: ఆస్తమా ఉందా, ఫిట్స్ వచ్చాయా, ఎండలో ఎప్పుడైనా పడిపోయారా, మోకాలు, తుంటి నొప్పి ఉందా, ఏ మందులు వాడుతున్నారు. బరువెంత అనే ప్రశ్న లేదు. నడకకి దాంతో పని లేదు.

బరువుతో పని ఉండేది రోప్ యాక్టివిటీలకి. జిప్‌లైన్, రాపెల్లింగ్ లాంటి వాటికి పరికరాల మీద పరిమితి రాసి ఉంటుంది, దాన్ని మొహమాటానికి దాటకూడదు. కానీ ఎలా అడుగుతాం అనేది ముఖ్యం. ఒకసారి ఒక అడ్వెంచర్ పార్క్‌కి వెళ్లాం, పేరు వద్దులెండి. గేటు దగ్గరే బరువు చూసే మెషిన్, ఒక్కొక్కర్నీ ఎక్కించి మైక్‌లో చదువుతున్నాడు! మైక్‌లో! మా అమ్మాయిలు ఇద్దరు లావుగా లేకపోయినా వెనక్కి తిరిగి బస్సెక్కేశారు. అప్పటి నుంచి నేను వారం ముందే ఫోన్ చేసి అడుగుతా: పరిమితి ఎంత, హార్నెస్‌లు ఏ సైజు దాకా ఉన్నాయి. ఆ వివరం అందరికీ విడివిడిగా పంపిస్తాను, ఎవరికి వాళ్లు చూసుకుంటారు. సైజు లేదంటే ఆ ప్లేస్ క్యాన్సిల్, అంతే. ఒక్కడి కోసం అందరికీ క్యాన్సిలా అంటే, అవును, ఒక్కడి కోసమే. ఊళ్లో ఇంకో పదిచోట్లు ఉన్నాయి.

హార్నెస్ గురించి ఇంకొంచెం చెప్పాలి. నడుముకీ తొడలకీ పట్టే మామూలు హార్నెస్ తుంటి ఎముకల పైన బిగుతుగా కూర్చోవాలి. పొట్ట, నడుము తుంటి కంటే వెడల్పుగా ఉంటే అది కిందికి జారే అవకాశం ఉంది. తలకిందులైతే మనిషి అందులోంచి జారిపోవచ్చు. అలాంటప్పుడు ఛాతీకి కూడా పట్టే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి. "ఏం కాదులే, బిగించేశాం" అన్నవాళ్ల దగ్గర పిల్లల్ని కట్టనివ్వకండి.

బట్టల విషయంలో ఎవరూ నోరు విప్పి చెప్పని ఇబ్బంది ఇంకోటి ఉంది: తొడలు రాసుకుని మండటం. రెండు గంటలు చెమటలో నడిస్తే చర్మం ఎర్రగా అయిపోయి, మూడో గంటకి అడుగు వేయనివ్వదు. చాలామంది పిల్లలు అలసిపోయి కాదు, ఈ మంట వల్లే ఆగిపోతారు, సిగ్గుతో చెప్పరు. జీన్స్ వేసుకురాకండి. లోపల మోకాళ్ల దాకా ఉండే టైట్ సైక్లింగ్ షార్ట్స్, బయల్దేరే ముందు వాజెలిన్. నేను దీన్ని అందరి ముందూ, నా అనుభవంగానే చెప్తా. నేను సన్నగానే ఉంటా, అయినా నాకూ మండింది ఒకసారి, అబద్ధమేం కాదు. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం బాగా పడుతుంది కాబట్టి రెండు చేతికర్రలు ఉంటే మంచిది, అవీ అందరికీ ఇస్తాం. కావాల్సినవాళ్లు వాడతారు, మిగతావాళ్లు కర్రసాము చేస్తారు.

మీకు అర్థమయ్యే ఉంటుంది, ఒకరికి కావాల్సింది అందరికీ పెట్టేస్తే ఆ ఒక్కరు ఎవరో ఎవరికీ కనిపించదు.

తిండి దగ్గర కూడా. టిఫిన్ టైంలో ఎవరి ప్లేట్ గురించీ ఎవరూ మాట్లాడకూడదు. "నీకు నాలుగో ఇడ్లీ అవసరమా?" అని ఒకావిడ, మాలోనే పెద్దావిడ, ప్రేమగానే అన్నారు ఒక పిల్లతో. ఆ పిల్ల ఆ రోజంతా ఏమీ తినకుండా ఎక్కి కళ్లు తిరిగి పడబోయింది. కొండ ఎక్కే రోజు డైటింగ్ రోజు కాదు.

ఇక మాటలు. మా దగ్గర ఒంటి మీద జోకులు బంద్. లావు మీదే కాదు, సన్నం, నలుపు, పొట్టి, అన్నీ. మొదట్లో "మరి జోకులే వద్దా అన్నా?" అని మూతి ముడిచారు. నేనేమీ ఉపన్యాసం ఇవ్వలేదు, వేసినవాడు ఆ రోజు చెత్త సంచి మోయాలి, అంతే. నెల రోజుల్లో మానేశారు. 2017లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ ఈ విషయం మీద ఒక పత్రం విడుదల చేసింది. సిగ్గుపరిస్తే పిల్లలు బరువు తగ్గించుకుంటారనే నమ్మకం తప్పు, అవమానాల వల్ల వాళ్లు ఇంకా ఎక్కువ తింటారు, ఆటలకి దూరమవుతారు అని అందులో చెప్పారు. మన దగ్గర డ్రిల్ పీరియడ్‌లో చెట్టు కింద కూర్చునే పిల్లల్ని చూస్తే ఇది తెలియడానికి పత్రాలు కూడా అక్కర్లేదు.

పేరెంట్స్‌కి కూడా ఒక మాట ముందే చెప్పేస్తున్నా. మావాడి అమ్మగారికి చెప్పాను: "ఆంటీ, మేం బరువు తగ్గించేవాళ్లం కాదు. వాడు సరదాగా తిరిగి జాగ్రత్తగా ఇంటికి రావడమే మా పని. వచ్చాక ఎంత తగ్గావు అని మాత్రం అడగొద్దు." ఆమెకి నచ్చలేదు. ఆమె భయం ఆమెది, వాళ్ల ఇంట్లో షుగర్ ఉంది. నేను కాదనను. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలని డబ్ల్యూహెచ్ఓ చెప్తుంది, అది సన్నగా ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది. కానీ నెలకి రెండు ట్రెక్కులతో ఎవరి బరువూ మారిపోదు. వాడికి కదలడం నచ్చితే వారం మధ్యలో కూడా కదులుతాడు. నచ్చకపోతే మన ట్రెక్కే వాడికి ఆఖరిదవుతుంది. డాక్టర్ దగ్గర చేయాల్సిన పని డాక్టర్ దగ్గర చేయించండి, కొండ మీద కాదు.

మావాడు మళ్లీ వచ్చాడా? వచ్చాడు, ఐదు నెలలకి. నేను పిలవలేదు. వాడి క్లాస్‌మేట్ ఒకడు "ఇప్పుడు రూల్స్ మారినయ్ రా" అని చెప్పాడట. ఆ ఆదివారం వికారాబాద్ అనంతగిరి కొండలు. మూసీ నది పుట్టే చోటు, చెట్ల నీడ, మెల్లగా ఎక్కే దారి. ఒకసారి దెబ్బతిన్నవాళ్లకి రాతికొండ కంటే ఇలాంటి దారి మంచిది. మావాడు నాలుగో స్థానంలో నడిచాడు, ముందువాడితో క్రికెట్ గురించి ఒకటే వాదన. టాక్ టెస్ట్ సూపర్ పాస్. (నవ్వు) పైకి చేరాక ఎవరూ ఏమీ అనలేదు. నాకు చేతులు దురద పెట్టాయి, నిజం చెప్తున్నా, కానీ జేబులో పెట్టుకున్నా.

అన్నీ హ్యాపీ అని చెప్పను. స్పీడ్‌గా నడిచే కుర్రాళ్లకి విసుగొచ్చింది. ఒకడు "ఇది ట్రెక్కా, వాకింగ్ క్లబ్బా?" అని వేరే గ్రూప్‌కి వెళ్లిపోయాడు. వాడి తప్పేం లేదు. వాడికి కావాల్సింది వేరు. మిగిలిన ఫాస్ట్ వాళ్లకి ఇప్పుడు దూరం పెంచుతున్నాం. అందరూ రెస్ట్‌లో ఉన్నప్పుడు ఇష్టమైతే, ఒక పెద్దవాళ్లతో కలిసి, పక్కనున్న ఇంకో మలుపు దాకా వెళ్లి రావచ్చు. ఇది ఇంకా సరిగా కుదరలేదు, రెండుసార్లు లేట్ అయ్యాం. ఏదైనా మంచి పద్ధతి దొరికితే చెప్తా.

మావాడు సన్నబడ్డాడా అని ఈ కథ విన్న ప్రతి ఒక్కరూ అడుగుతారు. తెలీదు. నేను చూసే దృష్టితో చూడలేదు. ఇప్పుడు ఇంటర్ సెకండ్ ఇయర్. చివర్లో నడిచే పెద్దవాళ్లతో వాడే ఉంటున్నాడు, ఫస్ట్ ఎయిడ్ బ్యాగ్ వాడి దగ్గరే. ఎవరికి మంట పుడుతోందో నడక చూసి చెప్పేస్తాడు, వాజెలిన్ డబ్బా చేతిలో పెట్టేసి ఏమీ ఎరగనట్టు ముందుకెళ్లిపోతాడు.

ఆ మెసేజ్ పెట్టిన చెల్లికి: నీ ఫ్రెండ్‌ని పిలువు. "నువ్వు నడవగలవా?" అని అడగకు. ఎక్కడికి వెళ్తున్నాం, ఎన్ని గంటల నడక, ఎంత ఎత్తు, ఇవి అందరికీ ఒకేలా చెప్పు, వస్తుందో రాదో తనే తేల్చుకుంటుంది. రానంటే ఇంకోసారి వేరే ప్లేస్‌కి పిలువు. ఇంకా కుదిరితే ప్లేస్ ఎక్కడో తననే ఎంచమను.

మా తర్వాతి ట్రిప్ ఈ నెల మూడో ఆదివారం, మళ్లీ భువనగిరి. ప్లేస్ చెప్పింది మావాడే. పొద్దున ఆరింటికల్లా కొండ కింద ఉండాలి. కొత్త టీషర్టులు ఆర్డర్ ఇస్తున్నాం, సైజ్ నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ఏ సైజైనా రేటు ఒకటే. రంగు ఈసారి నీలం. ఉంటా మరి, బై.